వంటింటి తలుపు వైపు నడిచిన పెద్దయ్యగారు

పెద్దయ్యగారు పోయారన్న కబురు నాకు బహ్రెయిన్‌లో, సీఫ్ బస్టాపు దగ్గర తెలిసింది. ఆఫీసు అయ్యాక బస్సు కోసం నిలబడి ఉన్నాను. నేను ఇదివరకు పనిచేసిన ఇంటి డ్రైవరన్న ఫోన్ చేశాడు. ఎప్పుడూ "ఏం చెల్లె, తిన్నవా" అని మొదలుపెట్టే మనిషి ఆ రోజు అది అడగలేదు. "పెద్దసారు పోయిండు చెల్లె. ఆళ్ల దేశంలనే. మేడమ్ మెసేజ్ పెట్టింది, నీకు చెప్పుమన్నది," అన్నాడు. నేను సరే అన్నాను. ఎలా పోయారు, ఎవరున్నారు దగ్గర, ఇవేవీ అడగాలని తోచలేదు. బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఇప్పటికీ చెప్పలేను.

ఇది చదివే మీకు ముందు ఆయనెవరో చెప్పాలి. నాకు కష్టంగా ఉన్నది అదే. ఆయన బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు. ఒకే ఊరి జనం మళ్ళీ మళ్ళీ గెలిపిస్తూ ఉంటే యువకుడిగా లోపలికి వెళ్ళి ముసలివాడై బయటికి వచ్చారు. భార్య పోయి, మతిమరుపు మొదలయ్యాక, బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఆయన్ని తన దగ్గరికి తెచ్చుకుంది. బుదయ్య రోడ్డు పక్కన ఒక కాంపౌండులో వాళ్ళ విల్లా. ఆ ఇంట్లో వంట, ఇంటిపని మా అమ్మది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా అమ్మ అక్కడే ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చని తెలిసి మేడమ్ నన్ను కూడా రప్పించుకుంది. రోజూ ఆయనకు పేపరు చదివి వినిపించాలి, తోడుగా కూర్చోవాలి. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. ఆ చదువు నాకు తెచ్చిపెట్టిన మొదటి ఉద్యోగం అది. ఒక పెద్దాయనకు, ఆయన సొంత దేశం కబుర్లు, ఆయన మరిచిపోయినవి, మళ్ళీ చదివి చెప్పడం.

అమ్మ మొదటి రోజు నుంచీ ఆయన్ని పెద్దయ్యగారూ అనే పిలిచింది. ఆయనకు ఆ పిలుపు నచ్చింది. కూతురు డాడ్ అంటే ఒక్కోసారి పలికేవారు కాదు గానీ, అమ్మ వంటింట్లోంచి పెద్దయ్యగారూ అంటే వెంటనే ఇటు తిరిగేవారు. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. "తినండి పెద్దయ్యగారూ, చల్లారిపోతాది" అని ఆవిడ, వాతావరణం గురించి ఏదో ఇంగ్లీషులో ఆయన, అలా భోజనమంతా మాట్లాడుకునేవారు. మధ్యలో నేను అర్థం చెప్పబోతే ఇద్దరూ నన్ను ఆపేవారు.

ఆయన అలవాట్లన్నిటిలోకీ పెద్దది గంట. గేటు దగ్గర గంట మోగితే చాలు, చేతిలో చెంచా కింద పెట్టి, వాచీ చూసుకుని లేచి నిలబడేవారు. మొదట్లో నాకు అర్థం కాలేదు. మంచిగా ఉన్న ఒక రోజు ఆయనే చెప్పారు. వాళ్ళ పార్లమెంటులో ఓటంటే చేయెత్తడం కాదు, మీట నొక్కడం కాదు. గంటలు మోగుతాయి. ఎక్కడున్నా, అన్నం ముందున్నా, లేచి రావాలి. ఎనిమిది నిమిషాల్లో తలుపులు వేసేస్తారు. సభకు చెరోవైపు ఒక పొడుగాటి వసారా ఉంటుంది. ఒప్పుకునేవాళ్ళు ఒక దాంట్లోంచి, ఒప్పుకోనివాళ్ళు రెండోదాంట్లోంచి నడిచి వెళ్ళాలి. చివర్న కూర్చున్న గుమాస్తాకు తమ పేరు చెప్పాలి. అక్కడ ఓటు కాళ్ళతో వేస్తారన్నమాట.

విల్లాలో భోజనాల గదికి కూడా రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, రెండోది వంటింట్లోకి. గంట మోగి ఆయన లేస్తే మేడమ్ వెళ్ళి హాలు తలుపు తెరిచి పట్టుకుని, "డాడ్, మనవాళ్ళు ఇటు," అనేది. ఆయన తృప్తిగా అటు నడిచేవారు. హాల్లో చెప్పుల స్టాండు పక్కన నేను నిలబడి ఉండాలి. ఆయన నా ముందు ఆగి, తల కొంచెం వంచి, తన పేరు చెప్పేవారు. నేను తలూపేదాన్ని. అంతే, శాంతించి వెనక్కొచ్చి భోజనం ముందు కూర్చునేవారు. నీళ్ళ బాటిళ్ళు వచ్చినా గంటే, కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు నుంచి సామాన్లు వచ్చినా గంటే, ఇస్త్రీ బట్టలు వచ్చినా గంటే. రోజులో ఎన్నిసార్లు ఆయన తన పేరు నాకు చెప్పేవారో.

ఇదంతా చూసి డ్రైవరన్న నవ్వేవాడు. ఆయనది జగిత్యాల వైపు. "మనకాడ ఎంపీ వస్తుండంటే ముంగట నాలుగు కార్లు, ఎనుక నాలుగు కార్లు. ఈయనకేమో చెప్పులు ఏడ ఇడిసిండో తెల్వది," అనేవాడు. "ఆయన చెప్పులు నేను చూసుకుంటాను గానీ, నువ్వెళ్ళి కారు కడుక్కో బాబూ," అని అమ్మ కసిరేది.

అన్నిసార్లు నడిచారు కదా, ప్రతి చట్టమూ చదివే నడిచారా అని ఒకసారి ఆయన్ని అడిగాను. ఆయన పకపకా నవ్వారు. పార్టీలో అందుకు వేరే మనుషులుంటారట, వాళ్ళు దారిలో నిలబడి ఎటు వెళ్ళాలో చూపిస్తారట. మనవాళ్ళు ఎటు వెళ్తున్నారో చూసి తానూ అటే వెళ్ళేవాణ్ణన్నారు. ఎప్పుడైనా రెండో వైపు వెళ్ళారా అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, ఆ ఖర్జూరపు చెట్లకు నీళ్ళు ఎవరు పోస్తారని అడిగారు. మరిచిపోయి అడిగారా, తప్పించుకోవడానికి అడిగారా నాకు తెలియలేదు. ఆయన విషయంలో నాకు తెలియనివి ఇలాంటివే.

హాల్లో కోట్లు తగిలించే కొక్కేలుండేవి. ఆయన కొక్కేనికి రిబ్బను కట్టి తీరాలని పట్టుబట్టారు. వాళ్ళ పార్లమెంటులో ప్రతి సభ్యుడి కొక్కేనికీ ఒక రిబ్బను ఉచ్చు ఉంటుందట, కత్తి తగిలించుకోవడానికి. కత్తులు ఎప్పుడో పోయాయి, రిబ్బను మాత్రం ఉంచేశారు. నేను మనామా వెళ్ళి ఎర్ర రిబ్బను కొనుక్కొచ్చాను. బళ్ళో రెండు జడలకు కట్టుకునేదాన్నే, సరిగ్గా అలాంటిది. అమ్మ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, జడకు వేసినట్టే పువ్వు ముడి వేసింది. ఆయన దానికి గొడుగు తగిలించారు. వాన కోసం మొహం వాచే ఊళ్ళో గొడుగేమిటని నేను అనుకున్నాను గానీ అనలేదు.

ఒక శుక్రవారం డ్రైవరన్న ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. తుబ్లీలో వెల్డింగ్ షాపులో పనిచేసే అతనొకడు, అతని స్నేహితుడొకడు. ఇంట్లో ఎంపీ ఉన్నాడని డ్రైవరన్న ఊదరగొట్టేశాడు. వాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని, నిమ్మకాయలూ శాలువా పట్టుకుని వచ్చారు. మన దగ్గర నాయకుడి ఇంటికి వెళ్ళినట్టే. ఈయన వేరే దేశపు ఎంపీ అనీ, అదీ ఇప్పుడు కాదనీ నేను చెప్పాను. "ఎంపీ అంటే ఎంపీయే గదా చెల్లె, ఫోన్ గొడితే అయితది," అన్నాడు వెల్డింగతను. ఆ ఉక్కలో ఉన్ని శాలువా తీసి పెద్దయ్యగారి భుజాల మీద కప్పాడు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. కానీ పెద్దయ్యగారిలో ఏదో మారిపోయింది. నిటారుగా కూర్చున్నారు. ఎదురుగా అతనికి కుర్చీ వేయించారు. తన ఊళ్ళో వారం వారం జనం కష్టాలు వినే పాత సభ్యుడు ఆయనలో మళ్ళీ లేచి కూర్చున్నాడు.

వెల్డింగతను చాలా చెప్పాడు. వీసా ఇచ్చిన కఫీల్ గురించి, ఫోర్‌మన్ గురించి, ఓవర్‌టైం గురించి, కూలీల క్యాంపులో నీళ్ళ గురించి, తన తల రాత గురించి. నేను కుదిరినంత ఇంగ్లీషు చేశాను. పెద్దయ్యగారు అంతా విని, "కోపం తర్వాత. ముందు ఏం జరగాలో చెప్పు," అన్నారు. అతను మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఆయన మళ్ళీ అదే అడిగారు. చివరికి అతను తల దించుకుని, "మా తమ్ముడు మీనా సల్మాన్ క్యాంపుల ఉంటడు. వాడు, నేను ఒక్క రూముల ఉండాలె. గంతే," అన్నాడు. ఆయన తలూపారు. ఇది నాకు అర్థమైంది, ఇది నా చేతుల్లో లేదు, ఎవరి చేతుల్లో ఉందని అడిగారు. క్యాంపు బాసు చేతుల్లో అని తేలింది. అయితే వెళ్ళి మిగతావేవీ చెప్పకుండా ఆ ఒక్క మాటే ఆ బాసుకు చెప్పమని, అక్కడే, నా ముందే, అతని చేత దాన్ని అనిపించారు.

కొన్నాళ్ళకు అతని తమ్ముడు తుబ్లీ వచ్చేశాడు. ఎంపీ పవరని డ్రైవరన్న ఊరంతా చెప్పుకున్నాడు. మీనా సల్మాన్‌లో పని అయిపోయి అక్కడి మనుషులందర్నీ మార్చారని తర్వాత ఎవరో అన్నారు. నిజమేదో నాకు తెలియదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన నాతో ఒక మాటన్నారు. మనుషులు కూర్చున్నంతసేపూ వేరే సంగతులు చెబుతారట. అసలు సంగతి మాత్రం లేచి వెళ్ళేటప్పుడు, తలుపు పట్టుకుని చెబుతారట. "తలుపు దగ్గర ఆగినవాళ్ళను చూస్తూ ఉండు," అన్నారు. ఆ సాయంత్రం గేటు దగ్గర గంట మోగితే మళ్ళీ మామూలుగా లేచి, శాలువాతోనే హాలు వైపు నడిచి, నాకు తన పేరు చెప్పారు.

ఇక మా అక్క సంగతి. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. నేను బడికి వెళ్ళగలగడానికి తను రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళింది. తొలిసారి కడుపుతో ఉన్నప్పుడు అమ్మ ఇక్కడ ఉంది. పుట్టింట్లో పురుడు పోసేవాళ్ళెవరూ లేక అక్క అత్తారింట్లోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పుకోలేక, నొప్పి దాచుకుని పనిచేసింది. ఆ బిడ్డ దక్కలేదు. అమ్మ ఆ వార్త ఇదే వంటింట్లో నిలబడి విన్నది. విని, స్టవ్ మీద ఉన్నది దించి, అందరికీ భోజనం పెట్టింది.

నిరుడు చలికాలంలో అక్కకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఎలాగైనా పక్కన ఉండాలని అమ్మ పట్టుదల. నేను మేడమ్‌ను అడిగాను. మేడమ్ చెడ్డ మనిషి కాదు, ఈ మాట నిజంగా అంటున్నాను. ఆవిడ చాలాసేపు నాకు వివరించింది. మా నాన్న మీ అమ్మ చేత్తో పెడితేనే తింటున్నాడు, అమ్మ పట్టుకుంటేనే స్నానానికి లేస్తున్నాడు, మనుషుల్ని మార్చొద్దని డాక్టరు అన్నాడు. జూన్‌లో మేమంతా ఊరెళ్తాం, అప్పుడు అమ్మ వెళ్ళొచ్చు. జూన్‌కు బిడ్డ పుట్టి నాలుగు నెలలవుతుందని నేను అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది గానీ మాట మార్చలేదు. ఆవిడ భర్తదీ అదే మాట.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దయ్యగారికి పరమాన్నం పెట్టి, ఖాళీ గిన్నె తీసుకుని వెళ్తూ, అమ్మ వంటింటి తలుపు దగ్గర ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. పెద్దయ్యగారు పేపరు పక్కన పెట్టి నన్ను పిలిచి, ఏం జరగాలో ఆవిణ్ణి అడగమన్నారు.

నేను అడిగాను. అమ్మను ఎప్పుడూ ఎవరూ అలా అడగలేదనుకుంటాను. గిన్నె ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకుంది. "నా పిల్ల నొప్పులు పడేటప్పుడు నేను దాని తల దగ్గర కూకోవాలండి," అన్నది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అర్థమైందన్నట్టు తలూపారు. వెంటనే పేపరు మళ్ళీ తీసుకుని, నిన్నటి వార్త అడిగారు. అంతే. ఆయన మరిచిపోయారనుకున్నాను.

శుక్రవారం భోజనాల దగ్గర మేడమ్, భర్త, పెద్దయ్యగారు ఉన్నారు. నేను పెద్దయ్యగారి పక్కన ఉన్నాను. అమ్మ వంటింటి తలుపు దగ్గర, చేతులు తడిగా, నిలబడి ఉంది. మరోసారి అడగమని పొద్దున్నే నాకు చెప్పింది. నేను అడిగాను. మేడమ్ చెంచా కింద పెట్టి, ఇంట్లో మేమందరం ఒక మాట అనుకున్నాం, జూన్ దాకా ఆగండి, దయచేసి మళ్ళీ అడగొద్దు, అన్నది. అప్పుడే గేటు దగ్గర గంట మోగింది. డ్రైవరన్న సామాన్లు తెచ్చాడు.

పెద్దయ్యగారు వాచీ చూసుకుని లేచారు. మేడమ్ అలవాటుగా వెళ్ళి హాలు తలుపు తెరిచి పట్టుకుని, మనవాళ్ళు ఇటు అన్నది. నేను నా చోటుకు వెళ్ళబోయాను. ఆయన కదల్లేదు. కూతుర్ని చూశారు. ఆవిడ మళ్ళీ పిలిచింది. ఆయన బల్ల అంచు పట్టుకుని మెల్లగా ఇటు తిరిగి, వంటింటి తలుపు వైపు నడవడం మొదలుపెట్టారు. చిన్న గది అది. ఆ కాసింత దూరం నడవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అమ్మ గాభరాపడి తలుపుకు అడ్డు తొలిగి గోడకు ఒదిగింది. ఆయన అమ్మ ముందు ఆగి, తల వంచి, తన పూర్తి పేరు చెప్పారు.

అమ్మకు ఈ గుమాస్తా సంగతి తెలియదు. ఎదుటి మనిషి పేరు చెబితే మనమూ చెప్పాలి కదా అనుకుని, చెంగుతో చేతులు తుడుచుకుని, ఆవిడా తన పేరు చెప్పింది. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆ పేరు పైకి వినపడటం నాకు తెలిసి అదే మొదటిసారి. ఆయన సరేనన్నట్టు తలూపి, లోపలికి వెళ్ళి, అమ్మ కూరగాయలు తరుక్కునే స్టూలు మీద కూర్చున్నారు. ఎంత పిలిచినా బయటికి రాలేదు. మిగతా భోజనం అక్కడే చేశారు. మేడమ్ చాలాసేపు హాలు తలుపు పట్టుకునే ఉంది.

మర్నాడు ఆవిడ నన్ను పిలిచి, అమ్మకు టికెట్ చూడమన్నది. నేను సరేనన్నాను. ఆవిడే అన్నది. "ఆయన తెలిసి చేశాడో తెలియక చేశాడో నాకు తెలియదు. తెలియక చేశాడని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు."

అమ్మ వెళ్ళింది. అక్క నొప్పులు పడేటప్పుడు దాని తల దగ్గర కూర్చుంది. ఆడపిల్ల పుట్టింది. ఫోన్లో ఆ ఏడుపు విన్నప్పుడు నేను విల్లా వెనక బట్టలారేసే చోట ఉన్నాను, డ్రైవరన్న పక్కనున్నాడు. ఆయన నాకన్నా ముందు ఏడ్చాడు. "నేను దుబాయి వచ్చినంక మా బిడ్డ పుట్టింది చెల్లె, నేను ఇనలే," అన్నాడు. ఆయనకు బహ్రెయిన్ కూడా దుబాయే.

కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో కూడా రాయాలి. పెద్దయ్యగారు తినడం మానేశారు. నేను పెడితే పెదవులు బిగించేవారు. మేడమ్ పెడితే పళ్ళెం తోసేసేవారు. చిక్కిపోయారు. మాటిమాటికీ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి చూసి, వెనక్కి వెళ్ళేవారు. నాకు ఆయన్ని చూస్తే కృతజ్ఞత, జాలి, ఇంకేదో పేరు తెలియనిది, అన్నీ కలిసిపోయేవి. తెలిసే అటు నడిచి ఉంటే, ఆయన తన అన్నానికి వ్యతిరేకంగా ఓటు వేసుకున్నారు. తెలియక నడిచి ఉంటే, మా సంతోషం ఒక ముసలాయన పొరపాటు మీద నిలబడింది. ఈ రెండిట్లో ఏది నమ్మాలో తెలియక నేను ఆయనకు ఎదురుగా కూర్చుని పేపరు చదివేదాన్ని, ఏం చదువుతున్నానో నాకే తెలిసేది కాదు.

చివరికి ఆయన్ని ఆ స్టూలు మీద కూర్చోబెట్టి అమ్మకు వీడియో కాల్ చేశాను. "తినండి పెద్దయ్యగారూ, చల్లారిపోతాది," అన్నది అమ్మ అక్కణ్ణుంచి, పసిదాన్ని భుజాన వేసుకుని. ఆయన నోరు తెరిచారు. తర్వాత రోజూ అలాగే.

అలా ఒకరోజు తింటూ తింటూ ఆగి, నేనేమీ అడగకుండానే, "ఒక్కసారి," అన్నారు. ఏమిటండీ అన్నాను. "ఒక్కసారి నేను రెండో వైపు వెళ్ళాను. అందరూ నన్నే చూశారు." ఖర్జూరపు చెట్ల మధ్య పోయిన నా పాత ప్రశ్నకు అది జవాబు. ఏ చట్టం మీదండీ అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఒకావిడ ఇంటికి వెళ్ళే విషయం," అన్నారు. అంతకు మించి గుర్తు రాలేదు. వాళ్ళ దేశంలో పాత చట్టం ఏదో అయి ఉంటుందని, నేను ఫోన్లో వెతికాను కూడా. దొరకలేదు.

జూన్‌లో వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి అక్కడే ఒక వృద్ధుల ఆశ్రమంలో ఉంచారు. బయల్దేరే రోజు గొడుగు మరిచిపోయారు. నాకు సీఫ్‌లో ఒక ఆఫీసులో ముందు బల్ల దగ్గర ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ళను ఏం కావాలో అడిగి లోపలికి పంపాలి. చాలామంది ముందు కోపం చెబుతారు. నేను ఆయన అడిగినట్టే అడుగుతాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగుతారేమోనని చూస్తాను.

కబురు తెలిసిన రాత్రి, అక్కడి పేపర్లు ఆయన గురించి రాసినవన్నీ ఫోన్లో చదివాను. నేను ఎరిగిన మనిషి వాటిలో చాలా తక్కువ. ఎంత పెద్ద ప్రసంగాలు చేశారో, ఎవరితో పోట్లాడారో ఉంది. బయటి దేశాల వాళ్ళు వచ్చి స్థిరపడకుండా, కుటుంబాలను తెచ్చుకోకుండా కట్టుదిట్టం చేసిన చట్టాలకు ఎప్పుడూ మద్దతుగా నిలిచారని ఉంది. అది చదివి ఫోన్ బోర్లించి పెట్టేశాను. మళ్ళీ తీశాను. డ్రైవరన్నకు చెబితే, "మనసొంటోళ్లను రానియ్యద్దని చెయ్యెత్తినోడు మీ అమ్మ చేతి బువ్వ దిన్నడు, సూడు," అన్నాడు. చేయెత్తలేదన్నా, నడిచాడు, అన్నాను. ఎందుకలా సరిదిద్దానో నాకే తెలియదు. మనవాళ్ళు ఎటు వెళ్తే అటు వెళ్ళేవాణ్ణని ఆయన నవ్వుతూ చెప్పినప్పుడు, ఆ నడకల్లో ఇవి కూడా ఉంటాయని నాకు తోచలేదు. అమ్మను ఏం జరగాలని అడిగినవారూ ఆయనే. రెండూ ఒకే మనిషిలో ఎలా పట్టాయో నాకు అర్థం కావడం లేదు. అర్థమైనట్టు రాయడం నాకు ఇష్టం లేదు.

ఇంకో వాక్యం ఉంది, ఒక పేపర్లో కాదు, అన్నిట్లోనూ. అంత సుదీర్ఘ కాలంలో ఆయన ఒక్కసారి కూడా తన పార్టీకి ఎదురు నడవలేదట. దాన్ని మెచ్చుకుంటూ రాసినవాళ్ళున్నారు, వెక్కిరిస్తూ రాసినవాళ్ళున్నారు. ఒక్కసారి కూడా లేదన్న దగ్గర మాత్రం అందరూ కలిశారు. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. స్టూలు మీద కూర్చుని ఆయన నాతో అన్నది వేరు. ఆయన తప్పు చెప్పారా, పేపర్లు తప్పు రాశాయా? చాలాసేపటికి గానీ నాకు ఇంకో సంగతి తట్టలేదు. రెండూ నిజమే కావచ్చు. అందరూ చూస్తూ ఉండగా ఆయన రెండో వైపు నడవడం నేను ఆ భోజనాల గదిలో చూశాను. ఆ రోజు గుమాస్తా చేతులు తడిగా ఉన్నాయి.

కావచ్చు అనే అంటాను. ఆయనకు గుర్తుండి అన్నారని ఒట్టు పెట్టలేను.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. పేపర్ల సంగతి, చట్టాల సంగతి, ఆ ఒక్కసారి సంగతి, అన్నీ. అమ్మ అంతా విన్నది. వెనక పసిదాని గోల వినిపిస్తోంది. చివరికి, "పెద్దయ్యగార్ని ఆఖరిసారి మోసుకెళ్ళేటప్పుడు ఏ తలుపులోంచి తీసుకెళ్ళారంటమ్మా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "కనుక్కో," అన్నది. ఎవర్ని అడగాలో, ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాను.

మొన్న శుక్రవారం విల్లాకు వెళ్ళాను. మేడమ్ వాళ్ళు వాళ్ళ దేశం నుంచి ఇంకా రాలేదు, డ్రైవరన్న మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. హాల్లో ఎర్ర రిబ్బను అలాగే ఉంది, దానికి గొడుగు వేలాడుతోంది. పువ్వు ముడి వదులైంది. సరిచేద్దామని చేయి పెట్టి, అమ్మ వేసిన ముడి కదా అని వదిలేశాను. భోజనాల గదిలోకి వెళ్ళి కాసేపు ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. వంటింటి తలుపు తెరిచే ఉంది, లోపల స్టూలు కనిపిస్తోంది.

అప్పుడు గేటు దగ్గర గంట మోగింది. నీళ్ళ బాటిళ్ళవాళ్ళు అయి ఉంటారు. డ్రైవరన్న తోటలో ఉండి వినలేదేమో, మళ్ళీ మోగింది. నేను వెళ్ళి గేటు తీయాలి. వెళ్ళలేదు. వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి, అమ్మ ఆ రోజు చేసినట్టే, దారి వదిలి, గోడకు ఒదిగి నిలబడ్డాను.